కంటిని తిప్పే కండరాల్లో నరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మెడికల్ కాలేజీ అయినా, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ అయినా, కంటిగూడు డిసెక్షన్ మొదలయ్యేసరికి విద్యార్థులకు వచ్చే సందేహాలు ఒకటే. ఆప్టోమెట్రీ చదివేవాళ్ళూ, కంటి విభాగంలో కొత్తగా పీజీలో చేరినవాళ్ళూ అవే అడుగుతారు. ఇంట్లో పెద్దాయనకు ఉన్నట్టుండి రెండుగా కనపడుతోందని కంగారుపడి వచ్చేవాళ్ళు అడిగేవి కూడా చివరికి అక్కడికే చేరతాయి. ఏ కండరానికి ఏ నరమో చాలామందికి నోటికి వస్తుంది. ఆ నరం కండరంలోకి ఏ వైపు నుంచి దిగుతుంది, ఎంత వెనక దిగుతుంది, లోపల ఎలా పరుచుకుంటుంది అనే దగ్గర తడబడతారు. జబ్బు గుర్తులూ, మందుల ప్రభావమూ, ఆపరేషన్‌లో జాగ్రత్తలూ తేలేది మాత్రం అక్కడే. అందుకే ఇవన్నీ ఒకచోట చేర్చాం. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## డిసెక్షన్ టేబుల్ దగ్గర

ఏ కండరానికి ఏ నరం? పరీక్ష ముందు రోజు కూడా మర్చిపోకుండా చెప్పండి.

కంటిని తిప్పే కండరాలు ఆరు (తిన్నగా పోయే రెక్టస్‌లు నాలుగు, ఏటవాలుగా పోయే ఆబ్లిక్‌లు రెండు), పై రెప్పను ఎత్తే లివేటర్ ఒకటి. నరాల అంకెలు మెదడు నుంచి వచ్చే కపాల నరాల వరుసవి. మొత్తం ఏడింటిలో విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. లేటరల్ రెక్టస్‌ది ఆరో నరం, సుపీరియర్ ఆబ్లిక్‌ది నాలుగో నరం. మిగిలిన ఐదూ మూడో నరానివి.

మూడో నరం కంటిగూట్లోకి వస్తూనే రెండు కొమ్మలవుతుంది. పై కొమ్మ సుపీరియర్ రెక్టస్‌కు, అక్కడి నుంచి లివేటర్‌కు వెళ్తుంది. కింది కొమ్మ మీడియల్ రెక్టస్, ఇన్‌ఫీరియర్ రెక్టస్, ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్‌లకు వెళ్తుంది. కంటిపాపను చిన్నది చేసే పారాసింపథెటిక్ పోగులు కూడా ఈ కింది కొమ్మలోనే వస్తాయి. ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్ నరం వెంట కొంత దూరం నడిచి సీలియరీ గ్యాంగ్లియన్‌కు (కంటి వెనక ఉండే నరకణాల ముద్దకు) విడిపోతాయి. వైవాలో తరచూ వచ్చే ప్రశ్న ఇది.

నరం కండరంలోకి పైనుంచి దిగుతుందా, లోపలి నుంచా?

నాలుగు రెక్టస్ కండరాలకూ నరం లోపలి ముఖం నుంచే వస్తుంది. అంటే కండరాలన్నీ కలిసి కట్టిన శంకువు లోపల నుంచి, కనుగుడ్డు వైపు తిరిగిన ముఖంలోకి. కండరం వెనక మూడో వంతు, మధ్య మూడో వంతు కలిసే చోట దిగుతుంది. కండరం కనుగుడ్డుకు అతికిన చోటు నుంచి కొలిస్తే దాదాపు 26 మి.మీ. వెనక.

సుపీరియర్ ఆబ్లిక్‌ది వేరే దారి. నాలుగో నరం శంకువు లోపలికి రానే రాదు. లివేటర్ మీదుగా ముక్కు వైపుకు అడ్డంగా దాటి, కంటిగూటి పైకప్పు వైపున్న ముఖంలోకి దిగుతుంది. ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్ నరం ఇన్‌ఫీరియర్ రెక్టస్ బయటి అంచు వెంట ముందుకు వచ్చి, ఆ రెండు కండరాలు ఒకదాన్నొకటి దాటే చోట, ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్ నడిమి భాగంలోకి వెనక అంచు నుంచి చేరుతుంది.

కంటిగూడు తెరిచాం, నాలుగో నరం కనపడటం లేదు. ఎక్కడ పోగొట్టుకున్నాం?

చాలాసార్లు పైకప్పు ఎముకతో పాటే ఊడి వచ్చేసి ఉంటుంది. లేదా ఫ్రాంటల్ నరాన్ని చూసి అదే నాలుగోదని అనుకుని ఉంటారు.

పైకప్పు ఎముకను ఉలితో చిన్న చిన్న ముక్కలుగా తీయాలి. కింద కనపడే పెరిఆర్బిటా పొరను వెనక నుంచి ముందుకు నిలువుగా కోయాలి, అడ్డంగా కోయకూడదు. పొర తెరవగానే లివేటర్ మీద నడిమధ్యన తాడులా లావుగా, తిన్నగా ముందుకు పోయేది ఫ్రాంటల్ నరం. అది స్పర్శ నరం. నాలుగోది దానికి ముక్కు వైపున సన్నటి దారంలా ఏటవాలుగా పోతూ సుపీరియర్ ఆబ్లిక్ పై అంచులో కలుస్తుంది. కొవ్వును కత్తితో కోయకుండా ఫోర్సెప్స్‌తో కొద్దికొద్దిగా లాగి తీస్తే నరం నిలుస్తుంది.

ఆ తర్వాత లివేటర్‌ను, సుపీరియర్ రెక్టస్‌ను ముందు భాగంలో కోసి వెనక్కి మడవాలి. అప్పుడు సుపీరియర్ రెక్టస్ అడుగు ముఖం మీద మూడో నరం పై కొమ్మ కనపడుతుంది. ఆరో నరం కావాలంటే లేటరల్ రెక్టస్‌ను బయటికి లాగి లోపలి ముఖం చూడాలి. బయటి ముఖం మీద ఎంత వెతికినా దొరకదు.

కాడవర్ (డిసెక్షన్‌కు ఇచ్చిన శవం) దగ్గర పది మంది మూగుతున్నాం. మేక తలకాయ మీద సాధన చేయొచ్చా?

చేయొచ్చు, చేతికి అలవాటవుతుంది. కొట్టు వాళ్ళను కాల్చని తలకాయ కావాలని, కళ్ళు కదపొద్దని ముందే చెప్పాలి. మన దగ్గర తలకాయ కాల్చి అమ్మడం రివాజు. కాలితే కొవ్వు కరిగి, కండరాలు ముడుచుకుపోయి సన్నటి కొమ్మలేవీ తేలవు. 10 శాతం ఫార్మలిన్‌లో కొన్ని రోజులు ఉంచి, నీళ్ళలో బాగా కడిగాకే ముట్టుకోండి. మేకకు కంటిగూటి బయటి వైపు నిలువుగా ఎముక కమ్మీ ఉంటుంది. దాన్ని రంపంతో తీస్తే దారి సులువు.

ఒక్క తేడా తప్పకుండా గుర్తుంచుకోవాలి. మేకలో ఆప్టిక్ నరం చుట్టూ రిట్రాక్టర్ బల్బై అని ఇంకో కండరం ఉంటుంది, కంటిని లోపలికి లాగుతుంది. దానికి నరం ప్రధానంగా ఆరోదే. మనిషికి ఆ కండరం లేదు. దాన్ని చూసి రెక్టస్ అనుకుంటే లెక్కంతా తప్పుతుంది.

ఆరో నరం లేటరల్ రెక్టస్‌లో రెండుగా చీలుతుందంటారు. అది పట్టించుకోవాల్సిన విషయమేనా?

పట్టించుకోవాల్సిందే. నరం రెండు కొమ్మలై ఒకటి కండరం పై సగంలో, ఒకటి కింది సగంలో పరుచుకుంటుంది. ఒకదాని పరిధిలోకి ఇంకోటి పెద్దగా పోదు. మీడియల్ రెక్టస్‌లోనూ ఇలాంటి విభజన ఉంది. చూడటానికి కండరం ఒకటే, నరాల లెక్కలో రెండు. ఒక కొమ్మే దెబ్బతింటే సగం కండరమే సన్నబడుతుంది. ఎమ్మారైలో అడ్డకోత తీస్తే పై సగం బక్కచిక్కి కింది సగం మామూలుగా కనపడొచ్చు. అలాంటివాళ్ళలో కన్ను లోపలికి తిరగడంతో పాటు కొంచెం పైకో కిందికో జరగడం కూడా ఉంటుంది. ఆరో నరమే అయితే ఈ నిలువు తేడా ఎక్కడిదని తికమకపడేది ఇక్కడే.

## మైక్రోస్కోప్ కింద

ఒక్క నరం పోగు ఎన్ని కండర పోగుల్ని నడుపుతుంది?

పిక్క కండరంలో ఒక్క నరకణం వెయ్యికి పైగా పోగుల్ని ఒకేసారి కదిలిస్తుంది. కంటి కండరంలో ఆ లెక్క సుమారు ఐదు నుంచి ఇరవై. అందుకే కన్ను ఈ అక్షరం మీద నుంచి పక్క అక్షరానికి జరిగి సరిగ్గా ఆగగలుగుతుంది. వేగంలోనూ తేడా ఉంది. చూపు ఒక్కసారిగా దూకేటప్పుడు కంటి నరకణాలు సెకనుకు కొన్ని వందల సంకేతాలు పంపుతాయి. కాళ్ళూ చేతుల కండరాల నరకణాలు ఆ దరిదాపులకు కూడా రావు. తిన్నగా ఎదురుగా చూస్తున్నప్పుడు కూడా కంటి కండరాల్లో సంకేతాలు ఆగవు.

సింగిల్ ఇన్నర్వేషన్, మల్టిపుల్ ఇన్నర్వేషన్ అంటే ఏంటి? పుస్తకం చదివితే ఇంకా గందరగోళం అవుతోంది.

ముందు పొరలు చూద్దాం. ప్రతి రెక్టస్‌కూ రెండు పొరలు. ఎముక వైపున్నది ఆర్బిటల్ పొర. కనుగుడ్డు వైపున్నది గ్లోబల్ పొర. గ్లోబల్ పొర ముందుకు పోయి కంటి తెల్లపొరకు అతుకుతుంది. ఆర్బిటల్ పొర అక్కడిదాకా రాదు, కండరం చుట్టూ కప్పీలా ఉండే పుల్లీ కణజాలంలో ముగుస్తుంది.

ఇప్పుడు నరాలు. ఎక్కువ పోగులకు నడిమధ్యన ఒక్కటే, బిళ్ళలాంటి పెద్ద ఎండ్‌ప్లేట్ ఉంటుంది. నరం అక్కడ తాకగానే విద్యుత్ సంకేతం పోగంతా పాకి, అది చటుక్కున ముడుచుకుంటుంది. ఇవి సింగిల్ రకం. ఆర్బిటల్ పొరలో దాదాపు 80 శాతం, గ్లోబల్ పొరలో దాదాపు 90 శాతం ఇవే.

మిగిలినవి మల్టిపుల్ రకం. వీటి మీద ద్రాక్షగుత్తిలా చిన్న చిన్న నరాల కొసలు పోగు పొడవునా తాకుతాయి. గ్లోబల్ పొరలోని మల్టిపుల్ పోగుల్లో సంకేతం పోగంతా పాకదు. ఎక్కడ తాకితే అక్కడే కొంచెం బిగుస్తుంది. అందుకే ఇవి నెమ్మదిగా ముడుచుకుంటాయి, అలిసిపోకుండా బిగువు నిలబెడతాయి. పుట్టకముందు కండరాల్లో ఉండే రకం ఎసిటైల్‌కోలిన్ (నరం నుంచి కండరానికి సందేశం మోసే రసాయనం) గ్రాహకాలు పెద్దయ్యాక కాళ్ళూ చేతుల కండరాల్లో మాయమవుతాయి, వీటి మీద మాత్రం మిగిలిపోతాయి. ఈ రెండు రకాలకూ మెదడులో నరకణాలు కూడా వేరు. సింగిల్ పోగులవి కేంద్రకం (ఆ నరానికి చెందిన నరకణాల గుంపు) లోపల, మల్టిపుల్ పోగులవి దాని అంచుల్లో ఉంటాయి.

లివేటర్‌లో మల్టిపుల్ పోగులు లేవు. రెప్ప ఎత్తే కండరాన్ని కంటిని తిప్పే కండరాలతో ఒకే గాటన కట్టకూడదనడానికి ఇదొక కారణం.

కన్ను ఎటు తిరిగిందో మెదడుకు ఆ కండరాలే చెబుతాయా?

చెప్పడానికి కావాల్సిన సరంజామా వాటిలో ఉంది. మనిషి కంటి కండరాల్లో స్పిండిల్స్ (కండరం ఎంత సాగిందో కొలిచే కొసలు) ఉన్నాయి, కానీ కాళ్ళూ చేతుల్లోని వాటితో పోలిస్తే నిర్మాణం సాదాగా ఉంటుంది. మేకలో, గొర్రెలో పుష్కలంగా ఉంటాయి. పిల్లిలో, కుక్కలో లేవు. ఇవి కాక, గ్లోబల్ పొరలోని మల్టిపుల్ పోగుల కొసల్లో, కండరం స్నాయువుగా మారే చోట నరం వెనక్కి తిరిగి పోగు మొనను పంజరంలా చుట్టుకుంటుంది. వీటినే పాలిసేడ్ ఎండింగ్స్ అంటారు. 1906లో డోగియెల్ వర్ణించాడు. చాలాకాలం వీటిని స్పర్శకొసలనే అనుకున్నారు. తర్వాత వీటిలో ఎసిటైల్‌కోలిన్ తయారయ్యే గుర్తులు దొరికాయి, అది కండరాన్ని కదిలించే నరాల లక్షణం. అందుకే ఇవి కదిలించేవా, కొలిచేవా అన్న చర్చ నడుస్తోంది. పరీక్షలో రాసేటప్పుడు రెండు వాదనలూ రాయండి.

కండరంలో నరాల కొమ్మలన్నీ ఒకేసారి కళ్ళకు కట్టాలంటే ఏ స్టెయిన్ వాడాలి?

సిహ్లర్ పద్ధతి. సన్నటి ముక్కలు కోసి ఒక్కొక్కటీ చూసే బదులు, కండరాన్నంతా గాజులా పారదర్శకంగా చేసి లోపలి నరాలకు మాత్రం ముదురు నీలం, ఊదా రంగు పట్టిస్తారు. ఓపిక కావాలి, వారాలు పడుతుంది.

10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపడిన కండరాన్ని కొళాయి నీళ్ళలో కడిగి, 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేయాలి. అందులో కొద్ది చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపాలి. ద్రావణం పచ్చబడినప్పుడల్లా మార్చాలి. కండరం అపారదర్శకత పోయి మైనంలా అయ్యేదాకా ఉంచాలి. తర్వాత సిహ్లర్ ఒకటో ద్రావణం: గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 1 భాగం, గ్లిజరిన్ 1 భాగం, 1 శాతం క్లోరల్ హైడ్రేట్ 6 భాగాలు. ఆ తర్వాత రంగు వేసే రెండో ద్రావణం: ఎర్లిక్ హిమటాక్సిలిన్ 1 భాగం, గ్లిజరిన్ 1 భాగం, 1 శాతం క్లోరల్ హైడ్రేట్ 6 భాగాలు. కండరం నల్లగా అయ్యాక మళ్ళీ ఒకటో ద్రావణంలో వేసి రంగు దించాలి. 0.05 శాతం లిథియం కార్బనేట్‌లో దాదాపు గంట ఉంచి, గ్లిజరిన్ గాఢత పెంచుకుంటూ అందులోకి మార్చాలి.

పని చెడేది రెండు చోట్ల. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఎక్కువ రోజులు ఉంటే కండరం జావయిపోతుంది, కంటి కండరం చిన్నది కాబట్టి రోజూ చూడాలి. రంగు దించడం ఎక్కువైతే సన్నటి కొమ్మలు ముందు మాయమవుతాయి, అవే కదా మనకు కావాల్సినవి. కింది నుంచి వెలుతురు పెట్టి చూస్తూ, ఇంకొంచెం దించితే బాగుండు అనిపించే దశలోనే ఆపాలి. ఈ రంగు కదిలించే నరానికీ స్పర్శ నరానికీ తేడా చూపదు. ఎండ్‌ప్లేట్లు కావాలంటే ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేస్ స్టెయిన్ వేరేగా చేయాలి.

## ఓపీలో

మా నాన్నగారికి షుగర్. పొద్దున లేచేసరికి ఒక రెప్ప పూర్తిగా వాలింది, ఎత్తి చూస్తే కన్ను బయటికి తిరిగి ఉంది. పక్షవాతమా?

మూడో నరం పడిపోయినట్టు ఉంది. ముందు చూడాల్సింది కంటిపాప. రెండు కళ్ళ పాపలూ ఒకే సైజులో ఉండి వెలుతురుకు చిన్నవవుతున్నాయా చూడండి. పాప పెద్దదై వెలుతురుకు కదలకపోతే ఆ క్షణమే యాంజియోగ్రామ్ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మెదడు అడుగున ఉన్న పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని ఉబ్బి నరాన్ని నొక్కుతుండవచ్చు, అది పగిలితే ప్రాణం మీదకు వస్తుంది. మర్నాటిదాకా ఆగకూడదు.

కారణం ఇదీ. పాపకు వెళ్ళే పోగులు నరం పైపొరలో ఉంటాయి. బయటి నుంచి ఏదైనా నొక్కితే అవే ముందు నలుగుతాయి. షుగర్‌లో దెబ్బతినేది నరం నడిబొడ్డున ఉన్న సన్నటి రక్తనాళాలు, కాబట్టి పై పోగులు సాధారణంగా బతికిపోతాయి. నొప్పి ఉందా లేదా అన్నది నమ్మొద్దు, రెండింటిలోనూ నొప్పి రావచ్చు.

పాప బాగానే ఉన్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మొదటి వారం పాపను మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి, ముఖ్యంగా రెప్ప సగమే వాలినప్పుడు. షుగర్ వల్లనే అయితే సాధారణంగా మూడు నెలల్లోపు కోలుకుంటుంది. ఆ లోపు రెప్ప లేచి రెండుగా కనపడితే ఒక కన్ను మూసి ఉంచాలి, బండి నడపకూడదు. మూడు నెలలైనా మెరుగు లేకపోతే, లేదా రెప్ప కోలుకునేటప్పుడు కన్ను లోపలికి తిప్పితే రెప్ప పైకి లేస్తుంటే స్కాన్ తప్పనిసరి. నరం పోగులు దారి తప్పి వేరే కండరానికి అతుక్కున్నాయనడానికి అది గుర్తు, షుగర్ వల్ల అలా జరగదు.

పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి రెప్ప వాలి రెండుగా కనపడుతుంది. కళ్ళజోడు మార్చినా తగ్గలేదు.

అలసటతో పెరిగి విశ్రాంతితో తగ్గితే మయస్థీనియా అని అనుమానించాలి. నరం బాగానే ఉంటుంది, కండరం బాగానే ఉంటుంది. రెండూ కలిసే చోట ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను శరీరమే తయారుచేసిన యాంటీబాడీలు దెబ్బతీస్తాయి. కంటి కండరాలకు మొదట తగలడానికి కారణాలున్నాయి. సంకేతాల వేగం ఎక్కువ కాబట్టి కాస్త లోటు వచ్చినా బయటపడుతుంది. వీటి ఎండ్‌ప్లేట్లలో మడతలు తక్కువ. పైగా కాంప్లిమెంట్ (రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లు) దాడిని అడ్డుకునే రక్షణ కూడా ఇక్కడ పలచన.

ఓపీలో సులువైన పరీక్ష ఐసు. గ్లవ్‌లో ఐసు ముక్కలు వేసి, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచాలి. తీసిన వెంటనే స్కేలుతో కొలిస్తే రెప్ప 2 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ లేస్తే పాజిటివ్. చల్లదనానికి ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమ్ మందగిస్తుంది. వేడికి దీనికి వ్యతిరేకం, మే నెల విజయవాడ ఎండలో నడిచి వచ్చినవాళ్ళకు రెప్ప ఇంకా వాలుతుంది. ఈ జబ్బులో కంటిపాప దెబ్బతినదు. పాప తేడాగా ఉంటే వేరే కారణం వెతకాలి.

కంటితో మొదలై చాలామందిలో రెండేళ్ళలోపు ఒంటికంతా పాకుతుంది. మింగడం కష్టమైనా, మాట ముక్కుతో వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు పరిస్థితిని దిగజార్చగలవు. ఏ జబ్బుకు వెళ్ళినా మయస్థీనియా ఉందని ముందే చెప్పండి.

పాము కరిస్తే రెప్పలే ముందు ఎందుకు వాలతాయి?

కట్లపాము, నాగుపాము విషం నరం కండరాన్ని తాకే చోటనే పనిచేస్తుంది. కంటి కండరాలకు, లివేటర్‌కు అక్కడ మిగులు బలం తక్కువ కాబట్టి గుర్తు ముందు కళ్ళలో పడుతుంది. తర్వాత గొంతు, మెడ, ఆఖరుకు ఊపిరి కండరాలు.

డెల్టా పల్లెల్లో కట్లపాము కాటు ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళకు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచి, రెప్పలు వాలుతుంటే కట్లపాము కాటే అనుకుని నడవాలి. కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుందా అని దారంతా గమనించాలి. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే, కాబట్టి పామును పట్టి తేవాల్సిన పనిలేదు.

నాగుపాము విషం కండరం వైపు గ్రాహకాలను మూస్తుంది. అందుకే నియోస్టిగ్మిన్‌కు, అట్రోపిన్‌తో కలిపి ఇస్తే, రెప్పలు లేవడం కళ్ళముందే కనపడుతుంది. కట్లపాము విషం నరం కొసనే నాశనం చేస్తుంది. ఆ కొస మళ్ళీ మొలవాలి, రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందాకా వెంటిలేటరే ఆధారం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కళ్ళు కదలవు, పాపలు పెద్దవై వెలుతురుకు స్పందించవు, ఒళ్ళు కదలదు. ఇవన్నీ ఉన్నా మెదడు పూర్తిగా మెలకువగా ఉండొచ్చు. పాము కాటు రోగిలో ఈ గుర్తులు చూసి ప్రాణం పోయిందని ఎవ్వరూ తేల్చకూడదు.

పురుగుమందు తాగి బతికినవాళ్ళకు రెండో రోజు రెప్పలు వాలితే?

ఆర్గనోఫాస్ఫేట్ విషంలో మొదటి గండం గడిచాక, 24 నుంచి 96 గంటల మధ్య ఇంటర్మీడియట్ సిండ్రోమ్ రావచ్చు. కంటి కదలికలు తగ్గడం, దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం తొలి గుర్తులు. వెనకే ఊపిరి కండరాలు బలహీనపడతాయి. మిర్చి, పత్తి పొలాల నుంచి వచ్చే కేసుల్లో రోగి తేరుకున్నాడని వార్డుకు మార్చే ముందు రోజూ తల ఎత్తించి, కళ్ళు నాలుగు వైపులా తిప్పించి చూడాలి.

బండి మీద నుంచి పడ్డాను. స్కాన్ బాగానే ఉందన్నారు, కానీ మెట్లు దిగుతుంటే ఒకదాని మీద ఒకటి రెండు మెట్లు కనపడుతున్నాయి.

నాలుగో నరం దెబ్బతిని ఉండొచ్చు. మెదడుకాండం వెనక వైపు నుంచి బయటికి వచ్చే కపాల నరం ఇదొక్కటే. సన్నగా ఉండి, పుర్రె లోపల దాదాపు 75 మి.మీ. చుట్టు తిరిగి వస్తుంది. తల గట్టిగా ఊగితే టెంటోరియం పొర అంచుకు కొట్టుకుంటుంది. రెండు వైపుల నరాలూ ఒకదాన్నొకటి దాటేది కూడా ఆ దగ్గర్లోనే కాబట్టి రెండూ ఒకేసారి దెబ్బతినొచ్చు.

సుపీరియర్ ఆబ్లిక్ పని కంటిని కిందికి దించడం, లోపలికి మెలితిప్పడం. అందుకే మెట్లు దిగడం, అన్నం కలుపుకోవడం, పేపర్ చదవడం ఇబ్బంది. తెలియకుండానే తలను దెబ్బతిన్న కంటికి ఎదురు వైపుకు వంచుతారు. పరీక్షలో తలను దెబ్బతిన్న వైపుకు వంచితే ఆ కన్ను పైకి జారుతుంది. వస్తువులు బాగా ఏటవాలుగా, పది డిగ్రీలకు మించి ఒరిగి కనపడుతుంటే రెండు వైపులా అనుమానించాలి. చాలావరకు నెలల్లో మెరుగవుతుంది కాబట్టి ఆపరేషన్‌కు సాధారణంగా ఆరు నెలలు ఆగుతారు. ఆ లోపు ప్రిజం అద్దం సాయపడుతుంది.

మూడో నరం పడిపోయిన కంటిలో నాలుగోది పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

కన్ను బయటికి తిరిగి ఉంటుంది కాబట్టి కిందికి దిగడం చూడలేం. కిందికి చూడమని చెప్పి, కంటి తెల్లగుడ్డు మీద ఒక రక్తనాళాన్ని గురిపెట్టి చూడండి. అది ముక్కు వైపుకు మెలితిరిగితే నాలుగో నరం బతికే ఉంది.

మా పాప ఎడమ కన్ను బయటికి పోదు. లోపలికి తిప్పితే కన్ను లోపలికి పీక్కుపోయి రెప్పలు దగ్గరవుతాయి. ఇదేం జబ్బు?

డ్యూయేన్ సిండ్రోమ్ లక్షణాలివి. ఎడమ కంటికి, ఆడపిల్లలకు ఎక్కువ. కడుపులో ఉండగానే ఆరో నరం ఏర్పడకపోతే, ఖాళీగా ఉన్న లేటరల్ రెక్టస్‌లోకి మూడో నరం కొమ్మ ఒకటి వచ్చి అల్లుకుంటుంది. మామూలుగా మీడియల్ రెక్టస్ బిగిసినప్పుడు లేటరల్ రెక్టస్ సడలాలి. ఇక్కడ రెండింటికీ ఒకే నరం నుంచి ఆజ్ఞ వస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి బిగిసి కన్ను వెనక్కి పోతుంది. గర్భంలో మీరేదో తప్పు చేయడం వల్ల వచ్చింది కాదు. పిల్లలకు సాధారణంగా రెండుగా కనపడదు. ఆపరేషన్ నరాల అల్లికను మార్చలేదు. తల పక్కకు తిప్పి చూడటం, కన్ను మరీ లోపలికి పీక్కుపోవడం లాంటివి ఉంటేనే చేస్తారు. చూపు మందగిస్తోందా అన్నది మాత్రం క్రమం తప్పకుండా చూపించాలి.

## థియేటర్‌లో

శుక్లం ఆపరేషన్‌కు కంటి వెనక ఇంజెక్షన్ ఇచ్చాం. అన్నీ ఆగాయి, కన్ను మాత్రం లోపలికి మెలితిరుగుతోంది. బ్లాక్ ఫెయిలైందా?

ఫెయిల్ కాలేదు. మందు కండరాల శంకువు లోపల పడింది, మూడో, ఆరో నరాలు మొద్దుబారాయి. నాలుగో నరం శంకువు బయట ఉంటుంది కాబట్టి సుపీరియర్ ఆబ్లిక్ ఇంకా పనిచేస్తోంది. ఐదు, పది నిమిషాలు ఒత్తి ఉంచితే మందు పాకి చాలావరకు తగ్గుతుంది. సూదిని కండరంలోకి గుచ్చి అక్కడ మందు వదలడమే అసలు ప్రమాదం. బుపివకైన్ కండర పోగుల్ని చంపుతుంది, ఎక్కువగా ఇన్‌ఫీరియర్ రెక్టస్ బలవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా రోగికి నిలువుగా రెండు కనపడతాయి.

మెల్లకన్ను ఆపరేషన్‌లో కండరం కోస్తే నరం తెగదా?

రెక్టస్ కండరాల్లో తెగదు. కోత పెట్టేది కండరం కంటికి అతికిన చోట. మీడియల్ రెక్టస్ నల్లగుడ్డు అంచు నుంచి 5.5 మి.మీ., ఇన్‌ఫీరియర్ 6.5, లేటరల్ 6.9, సుపీరియర్ 7.7 మి.మీ. దూరంలో అతుకుతాయి. నరం దిగేది అక్కడికి దాదాపు 26 మి.మీ. వెనక. కత్తెర, హుక్ అంత లోతుకు గుడ్డిగా పోనప్పుడు భయం లేదు.

ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్ దగ్గర జాగ్రత్త కావాలి. దాని నరం, రక్తనాళం, నారకణజాలం కలిసి గట్టి కట్టలా నడిమి భాగంలో అతుకుతాయి. హుక్‌తో విపరీతంగా లాగితే పాపకు వెళ్ళే పోగులు దెబ్బతిని ఆపరేషన్ తర్వాత పాప పెద్దదిగా ఉండిపోవచ్చు. ఆ కట్ట బిగువు ఇంకో సంగతి కూడా చేస్తుంది. కండరం కంటికి అతికిన కొసను విడదీసి, ముందుకు ఇన్‌ఫీరియర్ రెక్టస్ పక్కకు తెచ్చి కుట్టినప్పుడు ఈ కట్ట కొత్త ఆధారంగా మారుతుంది, కంటిని ఎత్తే కండరం పైకి పోనివ్వకుండా పట్టే కండరమవుతుంది.

కండరం లాగగానే మానిటర్‌లో గుండె వేగం పడిపోయింది. ఏం చేయాలి?

వెంటనే లాగడం ఆపాలి. చాలాసార్లు అదొక్కటే చాలు. ఇది ఆక్యులోకార్డియక్ రిఫ్లెక్స్, 1908లో ఆష్నర్, డాగ్నీనీ విడివిడిగా వర్ణించారు. కండరంలో సాగుదల సంకేతం సీలియరీ నరాల ద్వారా ఐదో నరం కంటి శాఖలోకి, అక్కడి నుంచి మెదడుకాండానికి పోయి, వేగస్ నరం ద్వారా గుండెకు దిగుతుంది. పిల్లల్లో ఎక్కువ. మీడియల్ రెక్టస్‌తో ఎక్కువగా వస్తుందని పేరు.

లాగడం ఆపినా వేగం పుంజుకోకపోతే శ్వాస సరిగా అందుతోందా చూడాలి, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఈ స్పందన ముదురుతుంది. అప్పటికీ తగ్గకపోతే అట్రోపిన్, కిలోకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు సిరలోకి (ఐవీ). వేగం పుంజుకున్నాక నెమ్మదిగా, మెత్తగా మళ్ళీ మొదలుపెట్టాలి. హుక్‌ను కుదుపుతో లాగడమే దీన్ని రెచ్చగొడుతుంది. మళ్ళీ మళ్ళీ లాగితే సాధారణంగా స్పందన బలహీనపడుతుంది.

సక్సామిథోనియం ఇచ్చాక కన్ను బిగుసుకుపోయినట్టుంది. ఫోర్స్‌డ్ డక్షన్ (కన్నును ఫోర్సెప్స్‌తో పట్టి తిప్పి బిగువు చూసే పరీక్ష) నమ్మొచ్చా?

నమ్మకూడదు. ఈ మందు ఒంట్లో మిగతా కండరాలను సడలిస్తుంది, కంటి కండరాల్లోని మల్టిపుల్ పోగులను మాత్రం బిగిస్తుంది. ఆ బిగువు చూసి కండరం ముడుచుకుపోయిందని పొరబడి ప్లాన్ మార్చేస్తారు. దాదాపు 20 నిమిషాలు ఆగాలి, లేదా వేరే రకం రిలాక్సెంట్ వాడాలి. కంటి లోపలి పీడనం పెరగడానికి కూడా ఈ బిగువు ఒక కారణం. అందుకే కన్ను చీలిన గాయంతో వచ్చినవాళ్ళలో ఎనస్థీషియా డాక్టర్ ఈ మందు విషయంలో ఆలోచించి అడుగేస్తారు.

మెల్లకన్నుకు బొటాక్స్ ఇస్తే నరం శాశ్వతంగా చచ్చిపోతుందా?

చచ్చిపోదు. బొట్యులినం విషం నరం కొసలో స్నాప్-25 అనే ప్రొటీన్‌ను కోస్తుంది, ఎసిటైల్‌కోలిన్ బయటికి రాలేదు. నరం పక్క నుంచి కొత్త కొసలు మొలిపిస్తుంది, తర్వాత పాత కొస కూడా కోలుకుంటుంది. ఆలన్ స్కాట్ దీన్ని మెల్లకన్నుకు మందుగా తీర్చిదిద్దాడు. 1989లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అనుమతించింది.

మోతాదు సాధారణంగా 1.25 నుంచి 5 యూనిట్లు. ద్రవం 0.05 నుంచి 0.1 మి.లీ. దాటకూడదు, ఎక్కువైతే పక్క కండరాలకు పాకుతుంది. సూది మొన ఎండ్‌ప్లేట్లు ఎక్కువగా ఉండే నడిమి పట్టీలో పడాలి. ఈఎంజీ సూదితో (కండరంలోని విద్యుత్ సంకేతాలను చప్పుడుగా వినిపించేది) ఇచ్చేటప్పుడు ఆ కండరం పనిచేసే వైపుకు చూడమంటే చప్పుడు పెద్దదవుతుంది, అప్పుడే మందు వదలాలి. ప్రభావం రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలై, వారానికి బాగా పెరిగి, రెండు మూడు నెలలు ఉంటుంది. మొదటి వారంలో కన్ను ఎదురు వైపుకు తిరిగినట్టు కనపడితే కంగారుపడొద్దు, అది ఆశించినదే. రెప్ప వాలడం తరచూ వస్తుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది.

మందు దిగిపోయాక కూడా కొందరిలో కన్ను తిన్నగా నిలవడానికి కారణం ఉంది. బలహీనపడ్డ కండరం ఆ రెండు నెలలూ సాగి పొడవు పెంచుకుంటుంది, ఎదురు కండరం కురచబడుతుంది. ఆరో నరం కొత్తగా పడిపోయినవాళ్ళకు అదే కంటి మీడియల్ రెక్టస్‌లో బొటాక్స్ ఇచ్చేది కూడా ఇందుకే. నరం కోలుకునేదాకా మీడియల్ రెక్టస్ కురచబడిపోకుండా చూస్తుంది.